అత్త చెయ్యి, మరిది కాలు

28 నవంబర్ 2023, మంగళవారం

అత్తమ్మ కట్టు ఇవాళ విప్పారు. బతుకమ్మ మొదలైన వారంలో మోరీ దగ్గర జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు ప్లాస్టర్‌లో ఉంది. ఎక్స్‌రే చూసి ఎముక చక్కగా అతుక్కుందన్నాడు డాక్టరు. అతుక్కున్న మాట నిజమే. చెయ్యి మాత్రం నాకు నచ్చలేదు. వేళ్లు ఉబ్బి ఉన్నాయి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది. కుడి చేతి పక్కన పెట్టి చూస్తే రంగే వేరు, ఎరుపులో నీలం కలిసినట్టుంది. ముట్టుకుంటే వేడి. కుడి అరచెయ్యి పొడిగా ఉంటే ఎడమ అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. కొంగు తగిలినా చెయ్యి వెనక్కి లాక్కుంటోంది.

"బొక్క అతికిందంటున్నరు గద, మరి గింత మంటేందే బిడ్డా?" అని నన్నడిగింది. కొన్నాళ్లు ఉంటుంది, చేతికి పని చెప్పొద్దు అన్నాడట డాక్టరు.

ఇంటికి రాగానే అలవాటు కొద్దీ చాట ముందు కూర్చుంది. కుడి చేత్తో తునికాకు తీసింది గానీ ఎడమ వేళ్ల మధ్య నిలపలేకపోయింది. ఆకు పట్టుకోవాలన్నా, తంబాకు పోసి మెలిపెట్టాలన్నా, మూతి ముడవాలన్నా రెండు చేతుల వేళ్లూ కావాలి. మా ఏరాలు, మరిది భార్య, ఒక్కతే వెయ్యి బీడీలు చుట్టి లేచేసరికి రాత్రి పది దాటింది.

3 డిసెంబర్, ఆదివారం

రాత్రి నీళ్లకు లేస్తే మరిది మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కుడికాలు కిందికి వేలాడేసుకున్నాడు. ఏమైంది మరిదీ అంటే, "పండుకుంటే గుంజుతది వదినా, ఇట్ల కిందికి ఇడిస్తె జర నయమనిపిస్తది" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే వానాకాలం నుంచట.

టవల్ కార్ఖానాలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటల షిఫ్టు. నిలబడే పని. అరికాలు మధ్యలో నొప్పి అని మొన్న ఎండాకాలంలోనే ఎవరికో చూపించుకున్నాడు. నిలబడి పని చేసేవాళ్లకు అది మామూలే అని గోలీలు రాసిచ్చారు. మా ఏరాలు రోజూ ఆముదం రాసి, వేడినీళ్లలో కాలు పెట్టిస్తోంది. సోలాపూర్‌లో సాంచ నడిపే వాళ్లలో కాళ్ల నొప్పి లేనివాడెవడు? అందుకే ఎవరూ లెక్క చేయలేదు.

నన్ను ఆపింది ఒకటే. నిలబడి అలసిన కాలు పడుకుంటే తేరుకోవాలి. ఈ కాలు పడుకుంటే ఎక్కువ నొస్తోంది.

9 డిసెంబర్, శనివారం

నేను పనిచేసే మెడికల్ షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది రోగం పేరు చెప్పరు. వాతం గోలీ ఇయ్యి, బొక్కల నొప్పి గోలీ ఇయ్యి, అంతే. అత్తమ్మ కోసం, మరిది కోసం మా ఇంటికి వెళ్లే గోలీ కూడా అదే. ఒకే పట్టీ. అత్తమ్మకేమో చెయ్యి కదపొద్దని చెప్తున్నారు. మరిదికేమో నడిస్తే వదులుతుందని చెప్తున్నారు.

పొద్దున్న మరిది కాలు వెలుతురులో చూశాను. బొటనవేలి పక్క వేలు కొస నల్లబడింది. పిక్క లోపలి వైపు చర్మం కింద ఎర్రటి గీత, బెత్తెడు పొడుగు, నొక్కితే గట్టిగా తాడులా తగిలింది. పోయిన నెల ఇలాంటిదే ఎడమకాలికి వచ్చి పోయిందట, దోమ కుట్టిందనుకున్నాడు.

షుగర్ క్యాంపులో ఒక నర్సు కాలి నాడి చూడడం నేర్పింది. పాదం పైన బొటనవేలి స్నాయువుకు బయటి పక్కగా రెండు వేళ్లు ఆనించాలి. తర్వాత చీలమండ లోపలి గుబ్బ వెనుక. ముందు నా కాలి మీద చూసుకున్నాను, కొట్టుకుంటోంది. మా ఏరాలి కాలి మీదా కొట్టుకుంటోంది. మరిది కుడికాలిలో రెండు చోట్లా ఏమీ తగలలేదు. పాదం చల్లగా ఉంది. ఎత్తి పడితే తెల్లబడింది, కిందికి దించితే ముదురు ఎరుపైంది.

బొక్కల్లో ఏమీ లేదు. రక్తమే అందట్లేదు.

13 డిసెంబర్, బుధవారం

మరిదిని సివిల్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొద్దున వెళితే సాయంత్రమైంది. సర్జరీ డాక్టరు నిదానంగా చూశాడు. మొదటి ప్రశ్న, "విడీ ఓఢతా కా?" బీడీ తాగుతావా అని. మరిది నా వైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా, అన్నాను నేను. ఇప్పుడు ముప్పై ఆరు.

చేతులు కూడా చూడడం నాకు కొత్తగా అనిపించింది. పిడికిలి గట్టిగా బిగించమన్నాడు. మణికట్టు దగ్గర రెండు నాళాలూ తన బొటనవేళ్లతో నొక్కిపట్టి, పిడికిలి తెరవమన్నాడు. అరచెయ్యి పాలిపోయి ఉంది. చిటికెన వేలి వైపు నాళం వదిలాడు. కొన్ని సెకన్లలో ఎర్రబడాలి. కుడి చెయ్యి ఎర్రబడింది. ఎడమ చెయ్యి పాలిపోయే ఉంది. ఆ చేతిలో ఇప్పటిదాకా నొప్పే లేదు.

షుగర్ లేదు, కొలెస్ట్రాల్ లేదు, గుండె సరిగ్గా ఉంది. డాప్లర్‌లో మోకాలి కింద నాళాలు రెండు మూసుకుపోయి కనపడ్డాయి. పైన తొడలో శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు పేరు చెప్పాడు: బర్జర్ వ్యాధి. పిక్క మీది ఎర్ర గీత సిరలో వాపట. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట వస్తుంది, ఆ జబ్బుకు అది గుర్తు అన్నాడు. వేడినీళ్లు, కాపడం వెంటనే ఆపమన్నాడు. రక్తం అందని చర్మం కాలినా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది.

మందులు రాశాడు, నల్లబడ్డ వేలికి కట్టు కట్టించాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, "ఇవన్నీ పక్కవాద్యాలు. అసలు మందు తంబాకు మానడం. తగ్గించడం కాదు, మానడం" అన్నాడు.

16 డిసెంబర్, శనివారం రాత్రి

డి.ఫార్మా పుస్తకాల్లో ఈ జబ్బు గురించి నాలుగు వరుసలే ఉన్నాయి. ఫోన్‌లో చదివి రాసుకుంటున్నాను.

1879లో ఫెలిక్స్ ఫాన్ వినివార్టర్ అనే ఆస్ట్రియా డాక్టరు మొదట గమనించాడు. 1908లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో లియో బర్జర్ కోసేసిన కాళ్లను చీల్చి పరీక్షించి వివరంగా రాశాడు, అందుకే ఆయన పేరు నిలిచింది. ముసలితనంలో కొవ్వు పేరుకుని పెద్ద నాళాలు పూడుకుపోయే జబ్బు కాదిది. వయసులో ఉన్నవాళ్లకు, యాభైలోపు, చేతులకూ కాళ్లకూ వెళ్లే చిన్న, నడిమి రకం నాళాల్లో వాపు వచ్చి, లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. పక్కనుంచి సన్నటి నాళాలు మెలికలు తిరుగుతూ కొత్త దారి వెతుక్కుంటాయి. తంబాకు ఆగితే ఆ కొత్త దారులు కాలును నిలబెడతాయి. ఆగకపోతే వాటినీ మూసేస్తుంది.

కాళ్ల నాళాలు మూసుకుపోయిన రోగుల్లో పడమటి ఐరోపాలో ఈ జబ్బువాళ్లు నూటికి 0.5 నుంచి 5.6 మంది. మన దేశంలో 45 నుంచి 63 మంది అని పుస్తకాలు రాస్తున్నాయి. మన దగ్గర ఎక్కువ కావడానికి బీడీని కారణంగా చూపిస్తారు. తునికాకుకు కాగితంలా గాలి ఆడదు, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి.

ఇంకో లెక్క మరిదికి చదివి వినిపించాను. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 1990లో అచ్చేసింది. మానేసిన వాళ్లలో నూటికి 94 మందికి వేలు గానీ కాలు గానీ తీయాల్సిన పని పడలేదు. తాగుతూనే ఉన్నవాళ్లలో నూటికి 43 మందికి పడింది. విని ఊరుకున్నాడు. కాసేపటికి, "సగం మందికి ఏం గాలేదు గద వదినా" అన్నాడు. ఈ మనిషితో నేను లెక్కలు మాట్లాడకూడదు.

22 డిసెంబర్, శుక్రవారం

అత్తమ్మను వేరే డాక్టరుకు చూపించాం. ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూసింది. దూదితో తడిమింది, అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వేడి, రంగు, చెమట, వాపు, గోళ్లు, వేళ్లు ఎంత వంగుతున్నాయి, అన్నీ వరుసగా రాసుకుంది. కొత్త ఎక్స్‌రేలో చేతి ఎముకలు అక్కడక్కడ పలచబడి మచ్చలుగా కనపడ్డాయి. విరిగిన చోట మాత్రం అతుకు గట్టిగానే ఉంది.

సీఆర్‌పీఎస్, అంటే కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అంది. గాయం మానినా ఆ భాగంలో నొప్పిని మోసే నరాలు, రక్తనాళాలను నడిపే నరాలు శాంతించవు. దెబ్బకు మించిన నొప్పి, దెబ్బ తగిలిన చోటును దాటి చెయ్యంతా. ఎక్కువగా ఆడవాళ్లకు, ఎక్కువగా మణికట్టు విరిగాక వస్తుందట. 1864లోనే అమెరికా అంతర్యుద్ధంలో తుపాకి దెబ్బలు తిన్న సైనికుల్లో వియర్ మిచెల్ అనే డాక్టరు ఇలాంటి మంటను రాశాడు. 1900లో జర్మనీలో సూడెక్ ఎక్స్‌రేల్లో ఎముక పలచబడడం చూపించాడు. ఒక్కో డాక్టరు ఒక్కో పేరుతో పిలుస్తూ వచ్చిన దానికి 1994లో ఈ పేరు ఖాయం చేశారు.

అత్తమ్మకు ఈ చరిత్ర ఏమీ అక్కర్లేదు. ఆమెకు కావాల్సిన మాట డాక్టరమ్మ చివర్లో అంది. "నొప్పి నిజమే, మీరు నటించట్లేదు." రెండు నెలలుగా మామ, మా ఆయన, వాడకట్టు ఆడవాళ్లు అందరూ బీడీల పని తప్పించుకుంటోందని నవ్వుతున్నారు. అత్తమ్మ బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఇన్నవా, ఇన్నవా" అంది.

చికిత్స మాత్రం తలకిందులు. కదపొద్దన్నారు ఇన్నాళ్లూ, ఇప్పుడు కదపమంటున్నారు. కదపకపోతే వేళ్లు బిగుసుకుపోతాయి, ఎముక ఇంకా పలచబడుతుంది. ఫిజియో అమ్మాయి బట్టలతో రుద్దే పద్ధతి చెప్పింది. మొదట దూది, అది ఓర్చుకున్నాక మల్‌మల్, తర్వాత పాత నూలు చీర, తర్వాత టర్కీ టవల్, చివరికి చద్దరు. రోజుకు నాలుగైదు సార్లు, కొద్ది నిమిషాలు. బట్టలు కొనాల్సిన పని మాకేముంది. ఇంట్లో చూస్తే దూది, మల్‌మల్ మాత్రమే లేవు.

31 డిసెంబర్, ఆదివారం

గొడవ. మరిది అంగీ ఉతకడానికి తీస్తే జేబులో మావా పొట్లం. సున్నం, వక్క, తంబాకు. "బీడీ ముట్టలేదు వదినా, ఒట్టు" అంటాడు. ముట్టలేదు, నిజమే. దవడలో పెట్టుకుంటున్నాడు.

తంబాకు నోట్లో పెట్టుకున్నా, ముక్కులో పీల్చినా నాళాలకు తేడా తెలియదని చెప్పాను. మా మెడికల్‌లో నికోటిన్ చూయింగ్ గమ్ ఉంటుంది, అదివ్వమన్నాడు. బీడీ మానాలనుకునే వాళ్లకు నేనే అమ్ముతాను. బర్జర్ ఉన్నవాడికి అది కూడా పనికిరాదు, నికోటిన్ ఏ రూపంలో ఉన్నా జబ్బు రగులుతూనే ఉండొచ్చు. నికోటిన్ లేని గోలీలు ఉన్నాయి, వాటికి డాక్టరు చీటీ కావాలి. బుధవారం మళ్లీ వెళ్తాం.

"అమ్మ మిశ్రీ తోముకుంటే ఎవరేమనరు, నేను ఇంత నోట్లేసుకుంటే లొల్లి" అన్నాడు. మిశ్రీ అంటే పళ్లకు తోముకునే మాడ్చిన తంబాకు పొడి. అత్తమ్మ అప్పటికప్పుడు మిశ్రీ డబ్బీ మోరీలో కుమ్మరించింది. ముప్పై ఏళ్ల అలవాటు. ఎన్నాళ్లు ఉంటుందో చూడాలి.

అసలు చిక్కు ఇంకొకటి. మాది ముందు గది, వెనుక వంటిల్లు. ఆ ముందు గదిలోనే మరిది పడుకుంటాడు, అక్కడే ఏరాలు బీడీలు చుడుతుంది. తడిపిన ఆకు వాసన, తంబాకు దుమ్ము, చాప మీద, గోడ మీద, దుప్పట్ల మీద. చుట్టేవాళ్ల ఒంట్లోకి నికోటిన్ చర్మం గుండా చేరుతుందని ఎప్పుడో పరీక్షించి చెప్పారు. పొద్దస్తమానం తంబాకు మధ్య కూర్చోబెట్టి తంబాకు మానమని చెప్తున్నాం మరిదికి.

14 జనవరి 2024, ఆదివారం

భోగి. ఊళ్లో సిద్ధేశ్వర గడ్డ జాతర, అందరూ వెళ్లారు. నేను, అత్తమ్మ ఇంట్లో.

పొద్దున చలికి మెడికల్‌కు ఒక కాలేజీ పిల్ల వచ్చింది. బండి మీద వచ్చిందట, రెండు చేతుల వేళ్లూ కొసలు సున్నంలా తెల్లగా ఉన్నాయి. చూస్తుండగానే నీలం, తర్వాత ఎరుపు. పది నిమిషాల్లో మామూలైపోయాయి. దీన్ని 1862లో ఫ్రాన్స్‌లో మోరిస్ రేనో రాశాడు. చలికి నాళాలు ముడుచుకుని మళ్లీ తెరుచుకుంటాయి. ఆ పిల్లకు పుండ్లు లేవు, రెండు చేతులకూ ఒకేలా వస్తోంది, నాడి బాగా కొడుతోంది. చేతి తొడుగులు వేసుకో, కీళ్లు వాచినా, చర్మం బిగిసినా డాక్టరుకు చూపించు అన్నాను. మూసుకుపోయిన నాళం వేరు, ముడుచుకున్న నాళం వేరు.

అత్తమ్మకు ఇవాళ అద్దం పాఠం. ఫిజియో చెప్పినట్టు పెద్ద అద్దం నిలువుగా బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి దాని వెనుక దాచి, కుడి చెయ్యి ముందు పెట్టాలి. అద్దంలో కనపడే కుడి చెయ్యి ఎడమ చెయ్యిలా అనిపిస్తుంది. అది నొప్పి లేకుండా కదులుతుంటే మెదడు నెమ్మదిగా ఒప్పుకుంటుందట. వేళ్లు చాచు, ముడుచు అంటే అత్తమ్మకు రెండు నిమిషాల్లో విసుగొచ్చింది. పక్కనున్న తునికాకు ముక్క తీసుకుంది. తంబాకు లేకుండా ఉత్త ఆకే, ఒంటి చేత్తో బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు మధ్య దొర్లించింది. అద్దంలో ఎడమ చెయ్యి బీడీ చుడుతోంది. అద్దం వెనుక దాచిన ఎడమ వేళ్లు కూడా కొద్దిగా కదిలాయి, నేను చూశాను. అత్తమ్మకు తెలియలేదు. చెప్పలేదు, చెప్తే ఆపేస్తుంది.

19 జనవరి, శుక్రవారం

పొద్దున్నే కుంభారి దారంతా పోలీసులు. ప్రధాని మోదీ వచ్చి రేనగర్‌లో 15,000 ఇళ్లు ప్రారంభించారు. మొత్తం 30,000 కడుతున్నారు, సాంచ కార్మికులకు, బీడీ కార్మికులకు, కుట్టుపని వాళ్లకు, చిత్తుకాగితాలు ఏరుకునే వాళ్లకు. మాకు సెలవులా అయింది. అత్తమ్మ గడపలో కూర్చుని పాత సంగతి ఎత్తుకుంది. 2006 సెప్టెంబర్ 1న మన్మోహన్ సింగ్ వచ్చి మా గోదూతాయి పరుళేకర్ కాలనీ ప్రారంభించారు. 10,000 ఇళ్లు, బీడీ చుట్టే ఆడవాళ్ల పేరు మీద. కార్మిక నాయకుడు ఆడం మాస్తర్ వెంట ఎన్ని మోర్చాల్లో నడిచిందో అత్తమ్మ చెప్తూ పోయింది. "మొగోళ్ల పేరు మీద ఒక్క ఇల్లు లేదే. బీడీ కార్డున్న ఆడిదానికే."

ఏరాలు వింటూ కూర్చుంది. నిన్న రాత్రి నేను తనకు బీడీలు మానమని చెప్పాను. టవళ్లకు అంచులు కుట్టే పని దొరుకుతుంది, ఇంట్లో తంబాకు ఉండదు అన్నాను. అప్పుడు జవాబివ్వలేదు. ఇవాళ అత్తమ్మ మాట అయిపోయాక ఇచ్చింది.

"అక్కా, కార్డుంటే పీఎఫ్ ఉన్నది, రేపు పింఛనున్నది. ఆయన సాంచకు పోక నెల దాటింది. అంచులు కుట్టుడు ఇయ్యాల ఉంటది, రేపు ఉండది. ఆయన కాలు కోసం బీడీ ఇడువుమంటవు. ఇడిస్తె ఆయన మందులు దేనితోని కొనాలె?"

నా దగ్గర జవాబు లేదు. అత్తమ్మే ఒక దారి చెప్పింది. పనిని ఇంట్లోంచి తీద్దాం, కార్డును తీయొద్దు.

11 ఫిబ్రవరి, ఆదివారం

ఏరాలు ఇప్పుడు వరుస చివరి ఇంటి వరండాలో మరో నలుగురితో కూర్చుని చుడుతోంది. ఆకు, తంబాకు అక్కడే ఉంటాయి. ఇంటికొచ్చే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని చీర మార్చుకుంటుంది. ముందు గది చాప మార్చాం, గోడలకు సున్నం వేశాం. మరిది మానేసి ఆరు వారాలని తను చెప్తాడు, నేను ఐదని లెక్కేస్తాను. నల్లబడ్డ వేలి కొస ఎండి విడిపోతోంది. డాక్టరు కోయలేదు, శుభ్రంగా ఉంచి చూద్దామన్నాడు. రాత్రిళ్లు కాలు మంచం మీదే పెట్టి పడుకుంటున్నాడు. కాలి నాడి మాత్రం నా వేళ్లకు ఇప్పటికీ తగలదు. అది తిరిగి రాకపోవచ్చు, పక్కదారులతోనే కాలు నిలబడాలి అన్నాడు డాక్టరు. నిలబడి చేసే పని వద్దన్నాడు కాబట్టి కండెలు చుట్టే పని అడుగుతున్నాడు, కూర్చుని చేయొచ్చు.

అత్తమ్మ టర్కీ టవల్ దాకా వచ్చింది. చద్దరు ఇంకా ఓర్చుకోలేదు. పిడికిలి ముప్పావు వంతు మూస్తుంది. ఆకు పట్టగలుగుతోంది, చుట్టలేదు. చెయ్యి రంగు చాలావరకు కలిసింది. పొద్దున్నపూట మంట ఉంది, సాయంత్రం తక్కువ. మిశ్రీ మళ్లీ మొదలుపెట్టిందని నాకు అనుమానం.

మెడికల్‌లో ఇప్పుడు బొక్కల నొప్పి గోలీ అడిగిన వాళ్లను మూడు మాటలు అడుగుతున్నాను. నడిస్తే నొస్తదా, పండుకుంటే నొస్తదా? ఒక్క చెయ్యో కాలో రంగు మారిందా? తంబాకు ఏ రూపంలోనైనా ఉందా? ఈ వారం ఒక పాతికేళ్ల పిల్లవాడిని, చీలమండ బెణికి మూడు నెలలైనా కాలు ముట్టనివ్వని ఒకామెను సివిల్‌కు పంపించాను. షాపు సేట్‌కు నచ్చలేదు. "ఇట్ల అందర్ని దవాఖానకు తోలితె గోలీలు ఎవరికి అమ్ముతవ్?" అన్నాడు.

మా అత్త లాంటి వాళ్లకు ఆ గోలీతో పని జరగదు, మా మరిది లాంటి వాళ్లకు అది నొప్పిని దాచి వేలిని పోగొడుతుంది. మిగిలిన వాళ్లకు అమ్ముతానన్నాను.